కాగితంలో మొదటి వరుస

నా గదికి వచ్చే తల్లిదండ్రులందరికీ నా మీద ఒకటే ఫిర్యాదు. ఫలితాల కాగితం నేను చదివి చెప్పను. పిల్ల చేతికో, పిల్లాడి చేతికో ఇచ్చి, పై వరుస నుంచి గట్టిగా చదవమంటాను. చదివినంతసేపూ నోరు మూసుకుని కూర్చుంటాను. ఇంత చదువుకుని, గోడ నిండా పట్టాలు తగిలించుకుని, నాలుగు ముక్కలు మీరే చెప్పేస్తే ఏం పోయింది మేడమ్ అని విసుక్కున్న తండ్రులున్నారు. విసుక్కోనీ. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా పద్ధతి ఇంతే.

పిల్లలకు ముందురోజు చెప్పే మాటలు కూడా మారలేదు. ఇది మార్కుల పరీక్ష కాదు, గెలవడానికి రాయొద్దు. అమ్మ ఏమంటుందో, పంతులుగారు ఏమనుకుంటారో గుమ్మం బయట వదిలి రండి. రెండు జవాబుల మధ్య పెన్సిలు ఆగిపోయిందా, అక్కడ చిన్న చుక్క పెట్టండి, ఆ చుక్కల గురించే తర్వాత మాట్లాడుకుందాం. కాగితం ఏం చెప్పినా అది మీ గురించి ఒక మాట మాత్రమే, ఆఖరి మాట కాదు.

ఇవే మాటలు మా ఊరు టోటోనికపాన్‌లో నాకు ఇరవై మూడేళ్ళప్పుడు చెప్పాను. ముప్పై నలుగురు విన్నారు. ఒక్కతే నమ్మింది. అది నా చెల్లెలు కెయిలా.

మాది రొట్టెల ఇల్లు. అమ్మ పేరు తోమాసా, వీధిలో చిన్నా పెద్దా అందరికీ నాన్ తోమాసా, నాన్ అంటే మా మాటలో అమ్మగారు. కట్టెల పొయ్యి, పిండి కలిపే మిషను, అరల నిండా షేకా అనే గుండ్రటి గోధుమ రొట్టెలు, ముందుగదిలో దుకాణం. అమ్మకు చదువు లేదు. మాట్లాడేది కిచే భాష, స్పానిష్ రొట్టెల బేరానికి సరిపోయేంత. కానీ ముద్ర ఉన్న కాగితమంటే ఆమెకు ఎంత గురి అంటే, ఈ ఇల్లు మాదని తేల్చింది కాగితమే, నాన్న పోయాడని చెప్పిందీ కాగితమే, ఆ రెండూ నిజమే అయ్యాయి కదా అనేది.

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి అమ్మ కుడి భుజం పట్టేసింది. పళ్ళెం ఎత్తబోతే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పొయ్యిలోకి రొట్టెలు తోసే పొడుగు పార నా చేతికొచ్చింది. నిజానికి పన్నెండో ఏటి నుంచీ తెల్లవారుజాము పని నాదే. పదకొండేళ్ళు. యూనివర్సిటీకి వెళ్ళే బస్సులో నా జుట్టులోంచి పిండి రాలుతుంటే పక్కవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, కానీ లోపల ఒళ్ళు మండేది.

జులై చివర్లో రాజధాని నుంచి నాకు ఉత్తరం వచ్చింది. పిల్లలకు చదువుల దారి చెప్పే కేంద్రంలో ఉద్యోగం, జనవరి నుంచి చేరొచ్చు. ఉత్తరం నాలుగుసార్లు చదివి, మడిచి, బ్లౌజులో పెట్టుకుని తిరిగాను. అదే వారం కెయిలా చేతిలో ఒక కరపత్రం కనపడింది. రాజధానిలోనే మెకానిక్ పని నేర్పే బడి, మూడేళ్ళు, ఆడపిల్లల్నీ తీసుకుంటారట. తొమ్మిదో తరగతి అయిపోతోంది దానికి. మా దగ్గర ఆ వయసులోనే తేల్చుకోవాలి, టీచరమ్మా, సెక్రటరీయా, నర్సా, ఇంకేమన్నానా అని.

అమ్మ మా ఇద్దరి కాగితాలూ పిండి బల్ల మీద పక్కపక్కన పెట్టించింది. ఒకటీ చదవలేదు, రెంటినీ చాలాసేపు చూసింది.

"ఇద్దరూ పోతే పొయ్యి ఆరిపోద్ది," అంది. "ఒకళ్ళు పోండి, ఒకళ్ళు ఉండండి. నేను చెబితే ఒక కూతురికి అన్యాయం చేసినట్టవుద్ది. బళ్ళో ఏదో రాయిస్తారంటగా, ఎవరికి ఏ పనికి మొగ్గుందో తేల్చే కాగితం? అది మిషన్లని చెప్తే చిన్నది పోద్ది, ఎలూవియా, నువ్వుంటావ్, ఇక్కడి బళ్ళోనే ఉద్యోగం చూసుకుంటావ్. సెక్రటరీ అనో టీచరనో చెప్తే అది ఈ ఊళ్ళోనే మధ్యాహ్నం చదువు, పొద్దున పొయ్యి చూసుకుంటది, నువ్వు పోవచ్చు. కాగితం ఎట్టా చెబితే అట్టా."

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ కాగితం రాయించేది నేనే. నా చదువు ఆఖరి ఏడాది పనిగా, కెయిలా బళ్ళోనే, ఆగస్టులో.

కెయిలా అప్పుడు బల్ల కింద ఉంది. పిండి మిషను పొద్దున్నుంచీ మొరాయిస్తే దాని పొట్ట విప్పి కూర్చుంది. మోచేతుల దాకా గ్రీజు. తెగిన బెల్టు బదులు పాత సైకిల్ ట్యూబు కోసి, కొలిచి, మళ్ళీ కోసి బిగించింది. స్విచ్ వేస్తే మిషను రెండుసార్లు దగ్గి తిరిగింది. అది లేచి చేతులు తుడుచుకోలేదు. తిరుగుతున్న మిషను మీద అరచెయ్యి ఆనించి, అలా నిలబడి ఉంది. అమ్మ నా వైపు చూసి కళ్ళెగరేసింది, చూశావా అన్నట్టు.

చూశాను. ఆ రోజే చూశాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పరీక్ష రోజు వాన. రేకుల కప్పు మీద వాన పడుతుంటే అరిచి చెప్పాల్సి వచ్చింది. నూట ఇరవై వాక్యాలు, ప్రతిదానికీ ఎదురుగా మూడు గళ్ళు, ఇష్టం, ఇష్టం లేదు, తెలియదు. అరగంట కాకముందే అబ్నేర్ అనే పిల్లాడు కాగితం తెచ్చిచ్చాడు. నూట ఇరవైకి నూట ఇరవై ఇష్టం. శవాలను పరీక్షించడం ఇష్టం, గుడ్డలకు రంగులద్దడం ఇష్టం, పన్నుల లెక్కలు ఇష్టం. ఇదేంట్రా అంటే తల గోక్కున్నాడు. మా దగ్గర పిల్లలు టీచర్ని సెన్యో అంటారు.

"ఇష్టం లేదని రాస్తే బాగోదు కద సెన్యో. ఎవరో ఒకళ్ళు చేసే పనేగా. వాళ్ళు చూస్తే బాధపడతారు."

తరగతి నవ్వలేదు. అందరూ తలలు వంచుకున్నారు. నడుస్తూ చూస్తే సగం మంది కాగితాలు అలాగే ఉన్నాయి. మా ఊళ్ళో మొహమాటం అలాంటిది. ఎవరన్నా గిన్నెలో ఏది పోసినా బాగుందని తాగుతాం, పక్కింటామె కొడుకు పాట పాడితే చెవులు చిల్లులు పడుతున్నా ఆగి వింటాం. పరీక్ష కాగితానికి కూడా అదే మర్యాద చేశారు. పుస్తకంలో దీనికి మందు రాసి లేదు. నేను అందరి కాగితాలూ వెనక్కి తీసుకుని కొత్తవి పంచాను.

అప్పుడు ఒక మాట చెప్పాను. ఆ మాట మీద నాకు అప్పట్లో ఎంత గర్వమో. "మీ జవాబులు ఇంట్లో గానీ ఊళ్ళో గానీ ఎవరూ చూడరు. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు మీరు చేసేది ఏదో, అదే మీ అసలు జవాబు. అది రాయండి." అచ్చు పత్రం చాలదనిపించి, వెనకవైపు ఒక ప్రశ్న నా అంతట నేను రాయించాను. ఎవరూ మెచ్చుకోకపోయినా నువ్వు చేసే పని ఏది?

కెయిలా మూడో బల్ల దగ్గర కూర్చుంది. మొదటి కాగితంలో అదీ అన్నీ ఇష్టమనే పెట్టింది. రెండో కాగితం ముందు చాలాసేపు పెన్సిలు కొరుకుతూ ఉండిపోయింది. ఒకసారి తలెత్తి నా వైపు చూసింది. నిజంగానా అని అడుగుతున్నట్టు. నేను తలూపాను. తర్వాత అది తల ఎత్తలేదు.

లెక్క వేయడానికి చిల్లులు కొట్టిన అట్టలుంటాయి. ఒక్కో రంగానికి ఒక్కో అట్ట. జవాబుల మీద పెడితే చిల్లుల్లోంచి గీతలు కనపడతాయి, లెక్కపెట్టాలి. మధ్యాహ్నాలు బడి గదిలో ఒక్కదాన్నే కూర్చుని వేశాను. కెయిలాది ఆఖరికి ఉంచుకున్నాను. యంత్రాల అట్ట పెడితే దాదాపు అన్ని చిల్లుల్లోనూ గీతలే. రెండుసార్లు లెక్కపెట్టాను. నూటికి తొంభై నాలుగు. దాని తర్వాత ఆఫీసు పనులు అరవై ఒకటి, పాఠాలు చెప్పడం యాభై ఎనిమిది, మిగతావి ఇంకా కింద. నేను వేసిన ముప్పై నాలుగింటిలో ఇంత తేటగా మాట్లాడిన కాగితం ఇంకోటి లేదు.

వెనక్కి తిప్పాను. ఎవరూ మెచ్చుకోకపోయినా నువ్వు చేసే పని ఏది? దాని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుంది: "ఆగిపోయినదాన్ని విప్పి చూడటం. అది తిరిగేదాకా పక్కన కూర్చోవటం."

సంతోషపడాల్సిన చోట నాకు ఏడుపొచ్చింది, అదీ దాని కోసం కాదు, నా కోసం. బ్లౌజులో ఉత్తరం గుచ్చుకుంటోంది.

అంకెలు మార్చడానికి వీల్లేదు. హెడ్మాస్టరు ప్రొఫెసర్ బాలామ్ ప్రతి కాగితం మీదా మళ్ళీ అట్ట పెట్టి చూసుకుని గానీ ముద్ర వేయరు. మార్చాలని అనుకున్నానా అంటే, అనుకున్నాను. వీల్లేదని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను, ఇక నా చేతుల్లో ఏమీ లేదు కదా అని. తప్పు నా చేతుల్లోంచి జారి నోట్లోకి వచ్చి కూర్చుందని అప్పటికి తెలియదు.

సెప్టెంబరు ఆఖరు వారం సాన్ మిగెల్ తిరునాళ్ళు. రొట్టెల పనితో ఊపిరాడని వారం. మిగతా తల్లులందరూ బడికొచ్చి ఫలితం విని వెళ్ళారు, అమ్మ రాలేకపోయింది. కాగితం ఇంటికే తెచ్చి వినిపించమంది. ఒక మధ్యాహ్నం పొయ్యి కాలుతుండగా, తర్వాతి పళ్ళేలు సిద్ధమయ్యేలోపు, బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుంది. చేతుల పిండి తుడుచుకుంది. తల మీద గుడ్డ సరిచేసుకుంది, చర్చిలో కూర్చున్నట్టే. కెయిలా ఎదురుగా నిలబడి పళ్ళేలకు కొవ్వు రాస్తోంది.

కాగితం స్పానిష్‌లో ఉంది. నేను చూస్తూ కిచేలో చెప్పాలి. పేరు చదివాను. కెయిలా నొయెమీ. అమ్మ తలూపింది. దాని కింద మొదటి వరుస. యంత్రాలు, తొంభై నాలుగు. కళ్ళు ఆ వరుస మీదే ఉన్నాయి. ఏదో పొగ కమ్మిందనో, చెమట కళ్ళలో పడిందనో చెబితే నాకే సిగ్గు. స్పష్టంగా కనపడుతోంది.

"ఆఫీసు పనులు, అరవై ఒకటి," అన్నాను. "పాఠాలు చెప్పడం, యాభై ఎనిమిది."

వరసగా కిందిదాకా చదువుకుంటూ పోయాను. నా గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. అరవై ఒకటంటే మంచిదేనా అని అమ్మ అడిగింది. మంచిదేనమ్మా, సెక్రటరీ చదువుకు సరిపోతుంది, చర్చి పక్క బడే, మధ్యాహ్నం పూట, అని చెప్పాను.

"మిషన్లని వస్తదనుకున్నా," అంది అమ్మ మెల్లిగా. "రాజధానిలో మీ పిన్నికి కబురు కూడా పెట్టా, మంచం ఒకటి చూడమని." తర్వాత నా వైపు తిరిగింది. "అంతేనా?"

"అంతే," అన్నాను.

అమ్మ అప్పుడు కెయిలాను చూసింది. నీకు సరేనా అని అడిగింది. కెయిలా చెయ్యి పళ్ళెం మధ్యలో ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను, కొవ్వు ఒక చుక్క జారి అంచు దాకా వచ్చింది.

"కాగితం చెప్పాక ఇంకేముందమ్మా," అని ఇంకో పళ్ళెం లాక్కుంది.

అంతే. ఆ పూట రొట్టెలు బాగా పొంగాయి. నేను పార పట్టుకుని పొయ్యి ముందు నిలబడి, ఇక వంద రోజులే, వంద రోజులే అని లెక్కపెట్టుకున్నాను. కాగితం నా ఫైల్లో పెట్టుకుంటానని అడిగితే అమ్మ ఇవ్వలేదు. నా కూతురి కాగితం నా దగ్గరే ఉండాలంది. మర్నాడు తిరునాళ్ళకు పోయి దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించుకొచ్చింది. దుకాణంలో రొట్టెల అర పైన, అందరికీ కనపడేలా మేకు కొట్టించి తగిలించింది.

ఊళ్ళో చదువొచ్చినవాళ్ళందరూ మా రొట్టె తింటారు. మాస్టరు, పాస్టరు, పోస్టాఫీసు ఆయన, అందరూ ఆ అర ముందే నిలబడతారు. అంతకంటే ముందు, కెయిలా ఉంది. రోజూ బడి నుంచి రాగానే ఆ కాగితం కిందే నిలబడి అమ్ముతుంది. ఒక్కసారి తలెత్తితే చాలు.

ఆ రాత్రి గొడవ అవుతుందనుకున్నాను, అవలేదు. మర్నాడూ అవలేదు. వారం గడిచింది. నేనే పిచ్చిదానిలా అయ్యాను. ఎవరన్నా అర వైపు చూస్తే చాలు, ఏం కావాలండీ అని మధ్యలోకి దూరేదాన్ని. నేను మాత్రం ఆ కాగితం వైపు కళ్ళెత్తే ధైర్యం చేయలేదు. చివరికి ఒక లెక్క కట్టుకున్నాను. అర ఎత్తు, కాగితం ఇంకా ఎత్తు, అక్షరాలు చిన్నవి, దాని దృష్టి ఎప్పుడూ చేతుల మీదే. చూడలేదు అది. చూసుంటే ఊరుకుంటుందా?

కెయిలా ఊరుకోవడం కాదు, పని నేర్పమని నా వెంటపడింది. పొయ్యి వేడి చేతి వెనక వైపుతో ఎలా చూడాలి, షేకాకు తవుడు ఎప్పుడు చల్లాలి, చలి పెరిగితే పిండిని ఎంతసేపు ఆగనివ్వాలి, అన్నీ అడిగేది. చిన్న తప్పుకే కసిరేదాన్ని. పార అలాగా పట్టుకునేది, నీ చేతులు విరిగాయా అని ఒకరోజు అరిచాను. అది పార కింద పెట్టి, నా చేతులు చూసి, మళ్ళీ తీసుకుని సరిగ్గా పట్టుకుంది. ఎదురు చెప్పి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. కరపత్రం ఏమైందో నేను అడగలేదు. ఒకరోజు చూస్తే నాలుగు మడతలు పెట్టి, ఊగే పిండి బల్ల కాలు కింద ఎత్తుగా పెట్టి ఉంది.

చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. పడుకునేది ఒకే గదిలో. కెయిలా, అని పిలిచేదాన్ని. ఊఁ, అనేది. ఏం లేదు, చలిగా ఉందా, అనేదాన్ని. లేదనేది. జనవరి అయ్యాక ఉత్తరం రాద్దాం, కాగితం మీద అయితే చెప్పడం తేలిక అని సర్దిచెప్పుకునేదాన్ని.

అక్టోబరులో చర్చిలో పెద్దాడవాళ్ళకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టారు. శనివారం మధ్యాహ్నాలు. అమ్మ వెళతానంటే మేమిద్దరం నవ్వాం. వెళ్ళింది. మొదటి శనివారం అ నేర్చుకొచ్చింది. నవంబరుకల్లా పిండి సంచి మీది అక్షరాలు వేలితో కూడబలుక్కుంటోంది. పండుగ రొట్టెల పని తలకు మించి ఉన్నా వదలలేదు. ఒక సాయంత్రం నోట్లో పిన్ను పెట్టుకుని జడ వేసుకుంటూ అంది, ఇంకో నెల ఆగండి, నా కూతురి కాగితం నేనే చదువుకుంటానని.

ఆ రాత్రంతా కంటి మీద కునుకు లేదు. తెల్లారాక, అమ్మ కట్టెల వాడితో మాట్లాడుతుండగా, దుకాణంలోకి వెళ్ళి స్టూలు వేసుకుని అర మీదికి చెయ్యి చాచాను. తీసి పొయ్యిలో పడేద్దామనుకున్నాను. ప్లాస్టిక్ అంటుకుంది, పోయింది అని చెబుదామనుకున్నాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు.

తీయలేదు. పేరు కింద, మొదటి వరుస మీద, ఈ చివర నుంచి ఆ చివరకు సన్నటి కాగితం ముక్క అంటించి ఉంది. వేడి రొట్టె ఉంది, అని రాసుంది. దుకాణం తలుపుకు మేం పెట్టే చీటీ అది. కొలిచి కోసినట్టు, వరుస అంచులు కూడా కనపడకుండా, నాలుగు మూలలా టేపు వేసి ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

వెనక నుంచి కెయిలా వచ్చి స్టూలు పట్టుకుంది. దిగక్కా, అంది. దిగాను. ఎప్పుడు చదివావని అడిగాను.

"నువ్వు చదవకముందే. ప్రొఫెసర్ బాలామ్ ముద్ర వేసేటప్పుడు పిలిచి చూపించారు. చెయ్యి కలిపి, మగపిల్లల్లో కూడా ఇంత రాలేదమ్మా అన్నారు."

మరి ఆ రోజు ఎందుకు మాట్లాడలేదే అని అడిగాను. అది అర మీద రొట్టెలు సర్దుతూ చెప్పింది, నా మొహం చూడకుండా.

"నువ్వే చెప్పావుగా బళ్ళో. ఎవరూ చూడట్లేదనుకున్నప్పుడు చేసేదే అసలు జవాబని. నీ జవాబు నేను చూశా. నీకు రాజధాని పోవాలని అంతగా ఉందని నాకు తెలీదు. నాకు కావాల్సింది నేను కాగితం మీద రాశా, అంతే. నువ్వు అమ్మ ముందు అంత పని చేశావు."

అమ్మకు చెప్పేద్దాం, ఇప్పుడే చెబుతాను, నేనుంటాను నువ్వు వెళ్ళు, అన్నాను. అన్నాను, నిజం. కానీ అంటున్నప్పుడు కూడా లోపల ఎవరో ఇది వద్దనాలి వద్దనాలి అని దేబిరిస్తున్నారు. అది నా మొహంలో కనపడి ఉంటుంది. దానికి ఆగిపోయిన వాటి లోపల ఏముందో చూడటం వచ్చు కదా.

"ఆ బళ్ళో చేర్చుకోవటం అక్టోబరుతో అయిపోయింది," అంది. "ఇప్పుడు చెబితే అమ్మకి నువ్వూ మిగలవు. ఊరుకో."

ఊరుకున్నాను. ఆ మాటకు నేను ఎంత తేలికగా ఊరుకున్నానో, అదే అన్నిటికంటే పెద్ద సిగ్గు. వచ్చే ఏడాది ఉంటుంది కదా, ఒక ఏడాది నేను ఉండి నిన్ను పంపుతాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాకు తెలుసు. పిల్లలకు ఇప్పుడు రోజుకు పదిసార్లు చెబుతాను, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అని. ఆ రోజు నోట రాలేదు.

జనవరి రెండో సోమవారం నా ప్రయాణం. ట్రంకుపెట్టె గుమ్మంలో ఉంది. కెయిలా వేడి రొట్టెలు గుడ్డలో మూటకట్టి నా చేతుల్లో పెట్టింది. దారిలో ఏది ముందు తినాలో, ఏది సాయంత్రానికి ఉంచుకోవాలో చెప్పింది. దాని జుట్టులో పిండి ఉంది. నా జుట్టు ఆ రోజు శుభ్రంగా ఉంది, ముందురోజు రెండుసార్లు కడుక్కున్నాను.

అమ్మ ఆగమంది. బస్సు వీధి మొదట్లో హారన్ కొడుతున్నా ఆగమంది. స్టూలు తెచ్చి, పట్టేసిన భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని, ఎక్కి, అర పైన కాగితం మీద వేలు పెట్టింది. ఊరు వదిలి పోయే ముందు నా చదువు విను, అంది. కెయిలా స్టూలు పట్టుకుంది.

అమ్మ వేలు ఒక్కో అక్షరం మీద ఆగుతూ కదిలింది. కె, యి, లా. ఊపిరి తీసుకుంది. నొ, యె, మీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆమెకు. వేలు కిందికి జరిగింది, చీటీ మీదికి. వే, డి. రొ, ట్టె. ఉం, ది. చదివి ఆగిపోయింది. తర్వాత పకపకా నవ్వింది. ఎన్నో నెలల తర్వాత భుజం నొప్పి మర్చిపోయి నవ్వింది.

"ఇదెవరంటించారే ఇక్కడ?"

"నేనేనమ్మా," అంది కెయిలా. "గోడకి సున్నం రాలిపోతోంది, దీని మీదైతే నిలబడింది."

"బాగానే పెట్టావ్. దీని పేరు కిందే రొట్టె అని రాసుంది, చూడు ఎలూవియా." అమ్మ స్టూలు మీంచే నా వైపు తిరిగింది. పదిహేనేళ్ళ పిల్లలా ఉంది ఆమె మొహం. "మొదటి వరుస నేనే చదివాను. ఎవరూ చెప్పకుండా, నా అంతట నేనే. విన్నావా?"

కెయిలా నన్నే చూస్తోంది. ఆ క్షణంలో నోరు తెరిచాను. తెరిచానని మాత్రం చెప్పగలను. చేతుల్లో రొట్టెలు వేడిగా ఉన్నాయి, హారన్ మళ్ళీ మోగింది.

"విన్నానమ్మా," అన్నాను.